తెల్ల ఫిల్లింగు కొంటే చాలదు, దానికి పట్టే సమయం కూడా కొనండి

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఆరోగ్య శాఖల మంత్రులకు బహిరంగ లేఖ



నమిలే పళ్లకు పుచ్చు పడితే ఇన్నాళ్లూ పెడుతూ వచ్చిన, పాదరసం కలిసిన వెండిరంగు ఫిల్లింగుకు, అంటే అమాల్గానికి, రోజులు దగ్గర పడ్డాయి. పాదరసం వాడకాన్ని తగ్గించేందుకు దేశాలు కలిసి రాసుకున్న మినమాటా ఒప్పందాన్ని భారతదేశం 2018లో ఆమోదించింది. 2022లో ఆ ఒప్పందానికి ఒక సవరణ తెచ్చి, పదిహేనేళ్ల లోపు పిల్లలకూ గర్భిణులకూ బాలింతలకూ తప్పనిసరైతే తప్ప పాదరసం కలిసిన ఫిల్లింగు వద్దన్నారు. 2025 నవంబరులో జెనీవాలో జరిగిన ఆ ఒప్పంద దేశాల సమావేశంలో, 2034 కల్లా పంటి అమాల్గం వాడకాన్నే ముగించాలని నిర్ణయించారు. యూరోపియన్ యూనియన్ అంతకు ముందే, 2025 జనవరి 1 నుంచే చాలావరకు ఆపేసింది. కాబట్టి మంత్రి పదవుల్లో ఎవరున్నా సరే, రాబోయే ఏళ్లలో మన రెండు రాష్ట్రాల ప్రభుత్వ ఆసుపత్రుల్లో పుచ్చుపంటికి పెట్టేది చాలావరకు తెల్ల ఫిల్లింగే అవుతుంది. దాన్నే మేం రెజిన్ కాంపోజిట్ అంటాం.

నేను దంత వైద్య విద్యార్థులకు పుచ్చుపళ్లు బాగుచేయడం నేర్పే అధ్యాపకురాలిని. ఈ మార్పు రావాలనే కోరుకున్నాను. ఆసుపత్రి తూములోంచి మురుగుకాలువలోకీ, అక్కడినుంచి చెరువులోకీ పాదరసం పోకూడదు. నన్ను కలవరపెడుతున్నది ఇంకొకటి. ఈ మార్పును మనం వట్టి కొనుగోలు వ్యవహారంగా చూస్తామేమో, టెండరు జాబితాలో పాత పొడి పేరు కొట్టేసి కొత్త ట్యూబు పేరు రాసి పని అయిపోయిందనుకుంటామేమో అన్నదే నా భయం. తెల్ల ఫిల్లింగు ఎన్నేళ్లు నిలుస్తుందనేది ఆ ట్యూబు ధరను బట్టి తేలదు. దాన్ని పెట్టే అరగంటలో ఏం జరిగిందో దాన్ని బట్టి తేలుతుంది. ఆ అరగంటను పేదవాడికి కూడా దక్కేలా చూడమని అడగడానికే ఈ ఉత్తరం.

ముందుగా అమాల్గానికి దక్కాల్సిన మెప్పు దక్కాలి. బరువులో సుమారు సగం పాదరసం, మిగతాది వెండి, తగరం, రాగి కలిసిన పొడి. అది పంటికి అంటుకోదు. లోపలి వైపు వెడల్పుగా తవ్విన గుంటలో గట్టిగా కూరితే జారిపోకుండా కూర్చుంటుంది. కూరేటప్పుడు కాస్త ఎంగిలి తగిలినా పెద్దగా చెడదు. ఏళ్లు గడిచేకొద్దీ దాని తుప్పే అంచుల్లో చేరి సందును మూసేస్తుంది. ఓపీలో జనం కిటకిటలాడుతున్నా, పట్టి ఇచ్చే నర్సు లేకపోయినా, డాక్టరు అలసిపోయి ఉన్నా అది తన పని తాను చేసుకుపోయేది. అంత ఓర్పున్న పదార్థం కాబట్టే నూట యాభై ఏళ్లకు పైగా పేదల పళ్లను కాపాడుకొచ్చింది. కాంపోజిట్‌కు ఆ ఓర్పు లేదు.

కాంపోజిట్ పంటికి అంటుకుని నిలుస్తుంది. అందం, బలం, లోపం అన్నీ ఆ అంటుకోవడంలోనే ఉన్నాయి. లోహాలకు రంగు బాగా పట్టడానికి కర్మాగారాల్లో ముందుగా ఫాస్ఫారిక్ ఆమ్లం పూస్తారని తెలుసుకున్న మైకేల్ బ్యూనోకోర్ అనే పరిశోధకుడు, అమెరికాలోని రోచెస్టర్‌లో అదే పని పంటి మీద చేసి చూసి 1955లో ప్రకటించాడు. ఆమ్లం తగిలిన ఎనామిల్, అంటే పంటి గట్టి పైపొర, కంటికి కనపడనంత సన్నగా గరుకెక్కింది. రెజిన్ అనే జిగురు లాంటి పదార్థం ఆ గరుకులోకి దిగి, గట్టిపడి, పట్టు దొరకబుచ్చుకుంది. 1962లో రఫాయెల్ బోవెన్ బిస్-జీఎంఏ అనే రెజిన్‌లో సిలికా పొడి కలిపిన ఫిల్లింగుకు పేటెంటు తీసుకున్నాడు. ఆ రేణువులు రెజిన్‌ను వదిలిపోకుండా వాటికి సిలేన్ పూత పూశాడు. ఇవాళ మార్కెట్లో దొరికే ట్యూబుల్లో రేణువులు సన్నబడ్డాయి, పంటి ఛాయకు తగ్గ రంగులు పెరిగాయి. మూలసూత్రం మాత్రం ఆ ఇద్దరిదే.

ఎనామిల్‌తో పెద్ద చిక్కేమీ లేదు. బరువులో 96 శాతం దాకా ఖనిజమే, తడి చాలా తక్కువ. లోపలి పొర అయిన డెంటిన్ దగ్గరే పరీక్ష మొదలవుతుంది. అందులో ఖనిజం 70 శాతమే. మిగతాది కొల్లాజెన్ అనే మాంసకృత్తు, నీరు. ఆమ్లం పూసినప్పుడు పైభాగంలో ఖనిజం కరిగిపోయి కొల్లాజెన్ పోగులు తేలతాయి. ఫిల్లింగును అంటించే బాండింగ్ ద్రవం ఆ పోగుల మధ్యకు అడుగుదాకా ఇంకాలి. అలా రెజినూ కొల్లాజెనూ కలగలిసిన పొరను 1982లో జపాన్ శాస్త్రవేత్త నకబయాషి గుర్తించి చూపించాడు. దాని మందం కొన్ని మైక్రాన్లే, ఫిల్లింగు ప్రాణమంతా అందులోనే. ఆ పోగుల్ని మరీ ఆరబెడితే కుప్పకూలి ద్రవాన్ని లోనికి రానివ్వవు. తడి మిగిలిపోతే ద్రవం పలచబడుతుంది. ద్రవం అందక మిగిలిన కొల్లాజెన్‌ను డెంటిన్‌లోనే నిద్రాణంగా ఉండే ఎంజైములు మేల్కొని నిదానంగా తినేస్తాయి. లాలాజలంలోనూ నోటి క్రిముల్లోనూ ఉండే ఎంజైములు రెజిన్‌లోని ఎస్టర్ బంధాలను తెంపుతుంటాయి. నీరు సిలేన్ పూతను వదులు చేస్తుంటుంది. ఇవి ఏ నోట్లోనైనా జరిగేవే, పూర్తిగా ఆపలేం. తొలిరోజు ఆ పొర సరిగ్గా ఏర్పడిందంటే మాత్రం ఈ నష్టాన్ని ఏళ్లకేళ్లు వెనక్కి నెట్టవచ్చు.

ఆవకాయ కలిపే రోజున మన ఇళ్లలో చేతికీ గరిటెకూ జాడీకీ చుక్క తడి లేకుండా ఎంత జాగ్రత్త పడతారో మీకు తెలుసు. ఆ జాగ్రత్త తప్పితే ఆ రోజు ఏమీ తెలియదు, నెలలు గడిచాక బూజు కనపడుతుంది. ఆమ్లం పూసి కడిగిన పంటి మీద ఎంగిలి తగలడమూ అటువంటిదే. పేషెంటు ఆ పూట తృప్తిగా ఇంటికి వెళ్తాడు. ఒకటి రెండేళ్లకు చల్లనీళ్లు జివ్వుమంటాయి, ఫిల్లింగు అంచు వెంట నల్లగా పాకుతుంది. అప్పుడు అందరూ మందును తిడతారు, లేదా పేషెంటు తీపి తిన్నాడంటారు. ఆ రోజు కుర్చీ పక్కన ఎంగిలి లాగేసే గొట్టం పట్టుకోవడానికి మనిషి ఉన్నారా లేరా అని ఎవరూ అడగరు.

ఎంగిలి తగలకుండా చూడటానికి మంచి పనిముట్టే ఉంది. రబ్బర్ డ్యామ్ అంటారు. పలచటి రబ్బరు గుడ్డకు రంధ్రం పొడిచి, చెడ్డ పంటిని మాత్రం దానిలోంచి బయటకు తీసి, నోరంతటినీ అవతల ఉంచుతారు. 1864లోనే శాన్‌ఫర్డ్ బార్నమ్ అనే అమెరికన్ దంత వైద్యుడు కనిపెట్టాడు. దాని లాభాన్ని తూచిన పరీక్షలు ఇంకా చాలవు. ఉన్నవి మాత్రం దాని వైపే మొగ్గుతున్నాయి. మా విద్యార్థులందరూ దాన్ని నేర్చుకునే బయటికి వెళ్తారు. ఉద్యోగంలో చేరాక చాలామంది మానేస్తారు. కారణం అడిగితే ఒక్కటే జవాబు వస్తుంది: బయట ఇంకా నలభైమంది ఉన్నారు మేడమ్. ఆ పిల్లల్ని తప్పు పట్టడానికి నాకు మనసు రాదు. రబ్బర్ డ్యామ్ బిగించడానికి పట్టే నిమిషాలు తీసుకుంటే, వరసలో చివరన ఉన్న ముసలాయన ఆ రోజు వెనక్కి పోవాల్సి వస్తుంది.

కాంతి సంగతి ఇంకా కనపడని సంగతి. కాంపోజిట్‌ను గట్టిపరిచేది నీలి కాంతి. కాంఫర్‌క్వినోన్ అనే పదార్థం సుమారు 470 నానోమీటర్ల కాంతిని పీల్చుకుని రెజిన్ అణువులను గొలుసులుగా కలిపే పని మొదలుపెడుతుంది. కలిసేటప్పుడు అవి దగ్గరకు జరుగుతాయి కాబట్టి ఫిల్లింగు ఘనపరిమాణంలో రెండు మూడు శాతం దాకా ముడుచుకుంటుంది. ఆ ముడుచుకోవడం అంచును గుంట గోడ నుంచి లాగుతుంది. అందుకే మామూలు కాంపోజిట్‌ను రెండు మిల్లీమీటర్లకు మించని పొరలుగా పేర్చి, ప్రతి పొరకూ విడిగా కాంతి చూపించాలి. లోతైన దవడ పంటికి నాలుగైదు పొరలు కావచ్చు. తొందరలో రెండు పొరలతో ముగిస్తే పైన గట్టిగానే ఉంటుంది. డాక్టరు పరికరంతో గీకి చూసినా గట్టిగానే తగులుతుంది. అడుగున మాత్రం సగమే గట్టిపడి మెత్తగా మిగులుతుంది. గుంట అడుగు అంచు, అంటే చిగురు పక్కన పుచ్చు తిరిగి మొదలయ్యే చోటు, ఉండేదీ అక్కడే.

లైటు వెలుగుతోంది కాబట్టి పనిచేస్తోందనుకోవడం మా వృత్తిలో పాతుకుపోయిన పొరపాటు. లైటు కొనపై ఎండిన రెజిన్ పేరుకుంటే, బ్యాటరీ ముసలిదైతే, కాంతి తగ్గిపోతుంది. కంటికది నీలంగానే కనపడుతుంది. కెనడాలోని హాలిఫాక్స్‌లో రిచర్డ్ ప్రైస్ అనే ఆచార్యుడు బొమ్మ తలలో పళ్ల అడుగున కాంతిని కొలిచే సాధనం పెట్టి చూశాడు. అదే లైటు, అదే సమయం, మనిషి మారితే పంటికి చేరిన శక్తి ఎంతో తేడాగా వచ్చింది. కొందరు ఆ వెలుగు చూడలేక తల తిప్పుకుంటారు, కొన పక్కకు జరిగిపోతుంది. నారింజ రంగు కళ్లద్దాలు పెట్టుకుని కొనను పంటికి ఆనించి చూస్తూ పట్టుకోమని నేర్పితే ఫలితం మెరుగైంది. కాంతిని కొలిచే చిన్న మీటరు ధర దంత వైద్య కుర్చీ ధరతో పోలిస్తే లెక్కలోకి రానిది. ప్రభుత్వం లైట్లు కొంటున్న ప్రతిసారీ ఈ మీటర్లు కూడా కొని, నెలకోసారి కొలిచి పుస్తకంలో రాయమని ఒక్క ఉత్తర్వు ఇస్తే ఎన్ని పళ్లు నిలుస్తాయో!

ఇంత నాజూకు పదార్థాన్ని ప్రభుత్వ ఆసుపత్రుల్లో నమ్ముకోవచ్చా అని మీకు సందేహం రావాలి. వస్తే మంచిదే. మూడు దేశాల అనుభవం మీ ముందుంచుతాను.

మొదటిది పోర్చుగల్. లిస్బన్‌లో కాసా పియా అనే పాఠశాలల వ్యవస్థలో చదివే ఎనిమిది నుంచి పన్నెండేళ్ల పిల్లలకు కొందరికి అమాల్గం, కొందరికి కాంపోజిట్ పెట్టి ఏడేళ్లు చూశారు. 2007లో ఫలితాలు వచ్చాయి. అమాల్గం ఫిల్లింగుల్లో నూటికి 94 నిలిచాయి, కాంపోజిట్‌లో 85. కాంపోజిట్ పక్కన పుచ్చు తిరిగి రావడం మూడున్నర రెట్లు ఎక్కువ. పళ్లు పుచ్చే స్వభావం ఎక్కువగా ఉన్న పిల్లలు వాళ్లు. ఈ లెక్కను దాచిపెట్టి తెల్ల ఫిల్లింగును పొగిడేవాళ్లు మా వృత్తికి మేలు చేయడం లేదు.

రెండోది బ్రెజిల్. కాక్సియాస్ దో సుల్ అనే ఊళ్లో ఒక ప్రైవేటు క్లినిక్‌లో నమిలే పళ్లకు పెట్టిన కాంపోజిట్లను 22 ఏళ్లు చూశారు. అక్కడ వాడిన రెండు రకాల్లో ఒకటి ఏటా సగటున ఒకటిన్నర శాతం, మరొకటి రెండు శాతం పైచిలుకు చెడ్డాయి. ఎనభైల నాటి పదార్థాలతో ఇరవై రెండేళ్లు! క్రమం తప్పకుండా వచ్చి చూపించుకునే పేషెంట్లు, ఓపిగ్గా చేసే డాక్టరు ఉన్నచోట ఈ మందు ఎంతకాలం నిలవగలదో అక్కడ తెలిసింది.

మంత్రివర్యులు చూడాల్సింది మాత్రం మూడోదాన్ని, డెన్మార్క్‌ను. అది ఒక నిపుణుడి క్లినిక్ కాదు, ప్రభుత్వ దంత వైద్య సేవ. వందమందికి పైగా ప్రభుత్వ డాక్టర్లు తమ రోజువారీ పనిలో భాగంగా పిల్లల శాశ్వత దంతాలకు నాలుగు వేలకు పైగా కాంపోజిట్లు పెట్టారు. ఎనిమిదేళ్ల తరువాత నూటికి 84 నిలిచి ఉన్నాయి. ఏటా చెడింది సగటున రెండు శాతం. అక్కడి పిల్లలకు క్రమం తప్పని పరీక్షలున్నాయి, ఫ్లోరైడ్ పేస్టుతో తోముకునే అలవాటుంది. అందుకే దీన్ని ఎత్తుకొచ్చి మన దగ్గర అతికించలేం. సర్కారు జీతం తీసుకునే మామూలు డాక్టర్లు, సర్కారు కుర్చీల్లో, ఈ పని నాణ్యంగా చేయగలరని మాత్రం అది రుజువు చేసింది. మన డాక్టర్ల చేతులు వాళ్ల చేతులకు ఏమాత్రం తీసిపోవు.

ఇలాంటి దీర్ఘకాల పరిశీలనలు పన్నెండింటిని కలిపి నెదర్లాండ్స్‌లోని నైమేఖన్‌కు చెందిన నీక్ ఆప్డామ్, ఆయన సహచరులు 2014లో లెక్క కట్టారు. నమిలే పళ్ల కాంపోజిట్లు మొదటి ఐదేళ్లలో ఏటా 1.8 శాతం, పదేళ్లు చూస్తే ఏటా 2.4 శాతం చెడుతున్నాయని తేలింది. ఆ లెక్కన పదేళ్ల తరువాత నూటికి సుమారు 78 నిలవాలి. నోరు పుచ్చుకు అనువైనదైతే చెడేవి రెండు మూడు రెట్లు పెరుగుతాయి. ఫిల్లింగు పంటిలో ఎన్ని పక్కలకు విస్తరిస్తే అంత త్వరగా చెడుతుంది. అంటే చిన్న పుచ్చుగా ఉన్నప్పుడే పట్టుకోవడం, ఫ్లోరైడ్ పేస్టు, పిల్లల చేతికందే తీపి తగ్గించడం కూడా ఫిల్లింగు మన్నికలో భాగాలే. ట్యూబు మీద ఉన్న కంపెనీ పేరు వల్ల వచ్చే తేడా వీటి ముందు చిన్నది. ఖరీదైన రకం కొనలేదని ఏ ఆసుపత్రీ చిన్నబుచ్చుకోనక్కర్లేదు.

మన నేలకు సొంతమైన కష్టాలు కొన్ని ఉన్నాయి. నల్లగొండ జిల్లా నీళ్లలో మోతాదు మించిన ఫ్లోరైడ్ గురించి మీకు చెప్పనక్కర్లేదు. దేశంలో మనుషులకు ఆ ఫ్లోరైడ్ వల్ల వచ్చే ఫ్లోరోసిస్ జబ్బు గురించి మొదట రాసింది కూడా మన వాళ్ల గురించే, 1937లో, అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లా పల్లెలు చూసి. ఆ నీళ్లు తాగి పెరిగిన వాళ్ల ఎనామిల్ పైపొర ఆమ్లానికి లొంగదు, దాని కిందిది గుల్లగా ఉంటుంది. మామూలు పంటికి చాలే ఆమ్లపు సమయం ఆ పంటికి చాలకపోవచ్చు. కొన్నిసార్లు పైపొరను కొద్దిగా చెక్కి, ఆమ్లాన్ని ఇంకాసేపు ఉంచాలి. యూరప్‌లోనో అమెరికాలోనో అచ్చయిన వాడకం కాగితం ఈ సంగతి గట్టిగా చెప్పదు. మన ఆసుపత్రుల గోడ మీద తెలుగులో మనమే రాసి పెట్టుకోవాలి.

బొగ్గుతోనో ఇటుకపొడితోనో గరుకు పళ్లపొడితోనో ఏళ్ల తరబడి తోమి, చిగురు దగ్గర పన్ను కోసుకుపోయిన పెద్దవాళ్లు పల్లెల్లో ఎంతోమంది ఉన్నారు. అక్కడ పెట్టే ఫిల్లింగుకు గుంటలో పట్టుండదు. పూర్తిగా అంటుకునే శక్తి మీదే నిలవాలి. పక్కనే చిగురు నుంచి నీరూరుతుంటుంది. అవి ఆరునెలలకే ఊడిపోయాయని వచ్చే వృద్ధుల్ని చూస్తే కడుపు తరుక్కుపోతుంది. కూలి పోగొట్టుకుని, బస్సు ఛార్జీ పెట్టుకుని, రెండోసారి రావాలి వాళ్లు.

ఇక ఎండ. బాండింగ్ ద్రవాలను, కొన్ని కాంపోజిట్లను చల్లగా ఉంచాలని సీసాల మీదే రాసి ఉంటుంది. వేడి తగిలితే వాటిలోని ద్రావకం త్వరగా ఆవిరైపోతుంది, రెజిన్ తనంతట తాను గట్టిపడే వైపు జరుగుతుంది. మే నెలలో రెంటచింతలలోనో రామగుండంలోనో రేకుల గిడ్డంగిలో వారం రోజులు పడి ఉన్న సీసా మీద గడువు తేదీ ఇంకా ఏడాది ఉన్నా, లోపలి ద్రవం మీద నాకు నమ్మకం ఉండదు. టీకా మందులను పల్లెదాకా చల్లగా చేర్చే ఏర్పాటు మీ శాఖల చేతుల్లో ఎప్పటినుంచో ఉంది. దంత విభాగం సీసాలకు ఆ పెట్టెల్లో ఓ మూల చోటిప్పించండి.

టెండరు గురించి సూటిగా ఒక మాట. గ్రాముకు ఎవరు తక్కువ చెబితే వాళ్లకే అన్న పద్ధతిలో కాంపోజిట్ కొంటే, ఆమ్లం ఒక కంపెనీది, బాండింగ్ ద్రవం ఇంకో కంపెనీది, లైటు మూడోదానిది అవుతుంది. అవి ఒకదానితో ఒకటి సర్దుకుంటాయో లేదో ఎవరూ చూడరు. అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 4049 ఉంది. కాంతి ఎంత లోతుదాకా గట్టిపరుస్తుందో, వంచితే ఎంత బలానికి విరుగుతుందో, ఎంత నీరు పీల్చుకుంటుందో అది అడుగుతుంది. ఆ పరీక్షల ఫలితాలు చూపమనండి. ఆమ్లం, ద్రవం, కాంపోజిట్, పలచటి రబ్బరు గుడ్డలు, గుంట పక్కన గోడలా నిలబెట్టే మ్యాట్రిక్స్ బ్యాండ్లు, పళ్ల సందులో బిగించే చెక్క ముక్కలు అన్నీ కలిపి ఒక ఫిల్లింగుకు ఎంతవుతుందో ఆ లెక్కన కొనండి. మ్యాట్రిక్స్ సరిగా లేక రెండు పళ్ల మధ్య సందు మిగిలితే, అన్నం మెతుకు ఇరుక్కుని, ఎంత మంచి కాంపోజిటైనా రెండేళ్లలో కింద పుచ్చు తెచ్చుకుంటుంది.

అన్నిటికన్నా ఖరీదైనది సమయం. ఒక డాక్టరు ఒక పూటలో ఎంతమందిని చూశారన్న అంకె మీదే పనిని లెక్కకట్టినంతకాలం కాంపోజిట్ ఓడిపోతూనే ఉంటుంది. పళ్లు పీకడం నిమిషాల్లో అయిపోతుంది, కాబట్టి ఆ లెక్కలో పీకినవాళ్లే బాగా పనిచేసినట్టు కనపడతారు. నమిలే పంటికి కాంపోజిట్ పెట్టడానికి అరగంట, లోతైనదైతే ఇంకా ఎక్కువ కావాలి. ఫిల్లింగులకు వారంలో కొన్ని పూటలు విడిగా కేటాయించి, ముందుగా సమయం చెప్పి పిలవండి. ప్రతి కుర్చీకీ రెండో మనిషిని ఇవ్వండి. ఎంగిలి లాగేందుకు, కాంతి పట్టేందుకు శిక్షణ ఇచ్చిన సహాయకురాలు ఉంటే డాక్టరు చేతులు రెండూ పంటి మీదే ఉంటాయి.

ఎంత చేసినా తడి ఆగని నోళ్లుంటాయి. చిన్నపిల్లలు, వణికే పెద్దలు, బడి వరండాలో బెంచీ మీద జరిగే శిబిరాలు. అక్కడ కాంపోజిట్ కోసం పట్టుబట్టడం తప్పు. 1970ల తొలినాళ్లలో లండన్‌లో విల్సన్, కెంట్ వెలుగులోకి తెచ్చిన గ్లాస్ అయనోమర్ సిమెంటు పంటికి తనంతట తాను రసాయనికంగా పట్టుకుంటుంది, కొంత ఫ్లోరైడ్ వదులుతుంది. బలం తక్కువే. అయినా ఎనభైల్లో టాంజానియాలో యో ఫ్రెంకెన్ కరెంటు లేనిచోట చేతి పనిముట్లతోనే పుచ్చు తీసి ఆ సిమెంటు నింపే పద్ధతి మొదలుపెట్టాక అది పేదదేశాలకు ఎంతో అక్కరకొచ్చింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యావశ్యక మందుల జాబితాలో 2021లో గ్లాస్ అయనోమర్‌నూ, 2023లో రెజిన్ కాంపోజిట్‌నూ చేర్చింది. రెండూ ఉండాలి. ఏ పంటికి ఏది అన్న నిర్ణయం కుర్చీ పక్కనున్న డాక్టరుకు వదలండి.

చెడ్డ ఫిల్లింగు గురించి కూడా మన ఆలోచన మారాలి. ఒక మూల విరిగితే, అంచు కాస్త లేస్తే, మొత్తం పీకి కొత్తది పెట్టడం అలవాటు. అలా తీసిన ప్రతిసారీ మంచి పన్ను కొంత పోతుంది, గుంట పెద్దదవుతుంది, తరువాతి ఫిల్లింగు ఇంకా త్వరగా చెడుతుంది. ఆ దారి రూట్ కెనాల్‌కు, క్యాపుకు, చివరికి పీకడానికి తీసుకుపోతుంది. కాంపోజిట్‌లో ఉన్న పెద్ద సుగుణం, చెడినచోటునే గరుకు చేసి, సిలేన్, బాండింగ్ ద్రవం పూసి, అంతవరకే అతకవచ్చన్నదే. అతుకును వైఫల్యం కింద రాయకుండా వైద్యం కింద రాస్తే ఆ పన్ను ఇంకో పదేళ్లు నోట్లో ఉండగలదు. మీ ఆరోగ్య పథకాల ధరల పట్టికలో కొత్త ఫిల్లింగుకు ఒక వరస ఉన్నట్టే అతుకుకు కూడా ఒక వరస ఉండాలి. లేకపోతే డబ్బు వచ్చే దారి వైపే చేతులు పోతాయి.

ఇవన్నీ సాగుతున్నాయో లేదో తెలియాలంటే రాసిపెట్టాలి. ఏ పన్ను, ఎన్ని పక్కలు, ఏ మందు, ఏ తేదీ, రబ్బర్ డ్యామ్ పెట్టారా లేదా. మళ్లీ వచ్చినప్పుడు ఎందుకు చెడింది. ఇంతే. డెన్మార్క్ ఇవాళ తన ఫిల్లింగుల ఆయుష్షు చెప్పగలుగుతోందంటే ఎవరో కొందరు ఓపిగ్గా ఇవి రాశారు కాబట్టే. హైదరాబాదు, విజయవాడ, కడప ప్రభుత్వ దంత కళాశాలల్లో ఈ పుస్తకం ముందుగా తెరవవచ్చు. పేషెంటు చేతికి కూడా ఒక చీటీ ఇవ్వాలి. మిర్యాలగూడలో పెట్టించుకున్న ఫిల్లింగు గుంటూరులో విరిగితే, అక్కడి డాక్టరుకు లోపల ఏముందో తెలియాలి.

వచ్చే ఏడాది దంత విభాగం కొనుగోళ్ల జాబితా తయారయ్యే వేళకు మూడు పనులు చేయగలిగినా చాలా దూరం వస్తాం. లైటుతో పాటు మీటరు, కుర్చీకి రెండో మనిషి, ఫిల్లింగులకు విడిగా పూటలు. సీసాలు చల్లగా ఉంచే నియమాలు, ఫ్లోరోసిస్ పళ్లకు తీసుకోవాల్సిన జాగ్రత్తలు, నమోదు పుస్తకం నమూనా తెలుగులో రాసి ఇవ్వడానికి నాలాంటి అధ్యాపకులు రెండు రాష్ట్రాల్లోనూ సిద్ధంగా ఉన్నారు. మీ కార్యాలయం ఏ రోజు పిలిస్తే ఆ రోజు కాగితాలతో వస్తాం.

ఇట్లు,
ఒక దంత వైద్య అధ్యాపకురాలు